కోపానికి చోటు కట్టిన పెరడు

పెద్దబాతుకు కోపమొస్తే ముందు మెడ చెబుతుంది. అంతవరకూ నిటారుగా ఉన్న మెడ మెల్లగా వంగి నేలబారుగా ముందుకు సాగుతుంది. ముక్కు తెరుచుకుంటుంది. లోపల నాలుకా, ముక్కు అంచుల వెంబడి గరుకు పళ్ల వరసా కనిపిస్తాయి. బుస వినిపిస్తుంది. రెక్కలు భుజాల దగ్గర కొద్దిగా విడివడతాయి. ఇంత తంతూ అయ్యాకే అది మీదికి ఉరుకుతుంది. మెడ వంగడానికీ కాటు పడడానికీ మధ్య దొరికేది రెండు మూడు క్షణాలు. పట్టిందంటే ఊరికే వదలదు, కండను మెలితిప్పి లాగుతుంది. మరీ దగ్గరికొస్తే రెక్క మడత దగ్గరుండే గట్టి ఎముక గుబ్బతో కొడుతుంది. ఆ దెబ్బకు ఒళ్లు కమిలి నల్లబడుతుంది.

కోళ్లూ మామూలు బాతులూ కోడిపిల్లలూ కలిసి తిరిగే పెరట్లో ఇలాంటిదాన్ని పెట్టుకొని, కోడి రెక్క విరగకుండా, పక్కింటి పిల్లలు ఏడ్చుకుంటూ పోకుండా ఏళ్ల తరబడి నడుపుకురావడం ఒక విద్య. ఆ విద్య బాగా పట్టుబడిన పెరడు ఒకటి కుడతినిలో చూశాను. ఆ ఇల్లాలు తన పేరు వేయొద్దంది. వయసులో నాకంటే పెద్దది కాబట్టి అక్క అనే రాస్తాను.

కుడతిని బళ్లారి నుంచి హొసపేటకు పోయే దారిలో ఉంది. ఊరి దగ్గరే 1,700 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇంకాస్త ముందుకు పోతే తోరణగల్లు ఉక్కు కర్మాగారం. 1953 అక్టోబరు 1న ఇటు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్లారి అటు మైసూరులో కలిసింది. సరిహద్దు గీత మారినా ఇళ్లలో మాట మారలేదు. అక్క ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బాతులను అదిలించేటప్పుడు రెండూ. నల్లరేగడి నేల, లారీల దుమ్ము, ఏప్రిల్ రాకముందే ముదిరే ఎండ. నీళ్లూ పచ్చికా కోరుకునే పక్షికి ఇది అనువైన చోటని ఎవరూ అనరు. ఆ పెరడు చూసేదాకా నేనూ అనేవాణ్ణి కాదు.

ఇంటి వెనక బండలు నిలువునా పాతిన దడి. మూలలో వేపచెట్టు. ఒకవైపు సొప్ప వామి, ఇంకోవైపు కోళ్ల గూడు. నాటుకోళ్లు, రెండు పుంజులు, కొన్ని మామూలు బాతులు, వాటితో పాటు ఒక మగ పెద్దబాతు, రెండు పెట్టలు. ఈ మూడింటికీ నుదుటి దగ్గర, ముక్కు మొదట్లో బుడిపె ఉంది. చీనా జాతికి అది గుర్తు. మగదాని బుడిపె పెద్దది, గొంతు సన్నం. పెట్ట గొంతు బొంగురు. కళ్లు మూసుకొని విన్నా ఏది అరిచిందో అక్క చెబుతుంది.

ఎందుకీ తంటా అని అడిగితే ఒక్క మాటలో తేల్చేసింది: “ముంగిస.” ముంగిసలు, పిల్లులు, పాములు, రాత్రిపూట దడి దగ్గర తచ్చాడే మనుషులు. కుక్క నిద్రపోయినా పెద్దబాతు మేలుకుంటుంది. ఈ నమ్మకం ఆమె ఒక్కతెదే కాదు. క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ తెగలవాళ్లు రోము మీద పడినప్పుడు, కాపిటోల్ కొండ మీద జూనో దేవత గుడి పెద్దబాతులు అరిచి కావలివాళ్లను లేపాయని లివీ తన చరిత్రలో రాశాడు. స్కాట్లాండులో డంబార్టన్ దగ్గరి బాలంటైన్ విస్కీ గిడ్డంగులకు 1959లో మొదలుపెట్టి దాదాపు అర్ధశతాబ్దం పాటు పెద్దబాతుల మందనే కాపలా పెట్టుకున్నారు. అరిచి లేపడం వరకే దాని పని అని కూడా అక్కకు తెలుసు. నాలుగు కుక్కలు కలిసి వస్తే పెద్దబాతు నిలవలేదు. అందుకే చీకటి పడ్డాక ఒక్కటి కూడా బయట ఉండదు.

ముంగిసను తరిమే గుణమూ, పాలు పోయడానికొచ్చిన మనిషి పిక్క పట్టుకునే గుణమూ ఒకటే. ఒకదాన్ని ఉంచుకొని ఇంకోదాన్ని తీసేయడం ఎవరివల్లా కాదు. చాలామంది కొట్టి చూస్తారు, తర్వాత తాడేసి కడతారు, చివరికి కోసుకు తింటారు. అక్క దాని కోపం జోలికి పోలేదు. ఆ కోపం పెరట్లో ఏ మూల ఉండాలి, ఏ వేళకు ఉండాలి అని లెక్క వేసుకుంది. పెరటినంతా ఆ లెక్క మీదే కట్టుకుంది. ఇక్కడ నేను మెచ్చుకోవాలనుకున్నది ఆ కట్టడాన్నే.

ముందు ఆ కోపానికి ఒక కాలం ఉందని తెలియాలి. చీనా జాతికి మూలం మంగోలియా, ఉత్తర చీనా చిత్తడి నేలల్లో బతికే అడవి పెద్దబాతు. యూరప్ జాతులకు మూలం వేరు, అది బూడిదరంగు గ్రేలాగ్. కుడతినికి పడమరగా, గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఏటా చలికాలంలో ఇంకో రకం అడవి పెద్దబాతులు వేలకొద్దీ వచ్చి దిగుతాయి. తెల్లటి తల మీద రెండు నల్ల చారలుంటాయి. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. 2024లో ఆ చెరువు చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. వేల పక్షులు ఒకే నీటిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, పెద్దగా జగడం ఉండదు. వాటికి అక్కడ గూడు లేదు మరి. గూళ్లు హిమాలయాలకు అవతల. కాపాడుకోవాల్సిన జాగా, గుడ్లు అన్నీ అక్కడే. మనం చూసేది వాటి సెలవు రోజులు.

పెరటి పెద్దబాతు లెక్క దీనికి తలకిందులు. చీనా జాతిలో దక్షిణాది రకాలు పగలు పొట్టిగా ఉండే నెలల్లోనే గుడ్లకు వస్తాయి. అక్క పెరట్లోనూ అంతే, దీపావళి దాటాక మొదలవుతుంది. మాగడిలో అడవి బాతులు శాంతంగా ఈదుతున్న ఆ నెలల్లోనే కుడతినిలో మగబాతు మనిషి నీడ పడినా ఒప్పుకోదు. ఎండలు ముదిరేసరికి మళ్లీ మామూలవుతుంది. ఏడాది పొడుగునా ఒకే పద్ధతిలో దానితో వ్యవహరించేవాళ్లు ఆరు నెలలు అనవసరంగా భయపడతారు, మిగతా ఆరు నెలలు అజాగ్రత్తగా ఉంటారు. అక్క కార్తీకం రాకముందే పెరడు సర్దుకుంటుంది.

సర్దడంలో మొదటి పని గూడు. పెద్దబాతు తనంతట తాను చోటు వెతుక్కుంటే మెత్తగా ఉందని సొప్ప వామి పక్కనో, నీడగా ఉందని గుమ్మం పక్కనో పెట్టుకుంటుంది. అక్కడ పెట్టిందంటే మనుషులు నడిచే దారంతా మగబాతు కాపలా కిందికి వస్తుంది. తప్పు దానిది కాదు, చోటుది. అక్క ఏం చేస్తుందంటే, గుమ్మానికి అన్నిటికంటే దూరంగా ఉన్న మూలలో మూడు పక్కలా బండలు నిలబెట్టి, పైన తాటాకు కప్పి, లోపల వరిగడ్డి పరిచి పెడుతుంది. అందులో కోడిగుడ్డుకు రెండింతలున్న నునుపైన గుండ్రాయి ఒకటి, సున్నం పూసి పెడుతుంది. పెట్ట తిరిగి తిరిగి చూసుకొని, ఆ రాయి పక్కనే గుడ్డు పెడుతుంది.

ఆ గూటికి తెరిచి ఉంచిన నాలుగో పక్క ఎటు చూస్తుందన్నది ఆమె పనితనంలో అసలు మెలకువ. గుమ్మం వైపు చూడదు. దడి వైపు చూస్తుంది, మధ్య నాలుగడుగుల సందు మాత్రం ఉంటుంది. మగబాతు నిలబడి కాపలా కాసేది ఎప్పుడూ గూటి నోటి ముందే. అక్కడి నుంచి దానికి కనిపించేది దడి, ఆ సందు, వేపచెట్టు మొదలు. గుమ్మం దగ్గర ఎవరొచ్చారో బండ అడ్డంగా ఉండి కనిపించదు. చూపు పారిన మేరకే దాని రాజ్యం. బండను ఒక పక్కకు తిప్పి పాతడంతో ఆ రాజ్యం పెరట్లో ఒక మూలకు తగ్గిపోయింది. దడి అవతల చప్పుడైతే చెవులున్నాయి కదా, అరవాల్సిన అరుపు అరుస్తూనే ఉంటుంది. కాపలా ఏమీ తగ్గలేదు. ఇది చూశాక నాకు చాలాసేపు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఏ పుస్తకమూ చదవకుండా, ఏటికేడు ఏ బండ ఎటు తిప్పితే ఏమైందో గుర్తు పెట్టుకొని చేరుకున్న లెక్క అది.

తిండి సంగతి ఇంకో లెక్క. మందలో సగం జగడాలు గింజల దగ్గరే. కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస ఉంటుందని నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బె 1920ల మొదట్లో రాశాడు. కోడి మిగతా కోళ్లను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి ఆ వరస పాటిస్తుంది. పెద్దబాతు ఆ వరసలో ఇమడదు. నాలుగైదు కిలోల ఒళ్లుతో మధ్యలోకి దూరి అందరినీ చెదరగొడుతుంది. పళ్లెం కాళ్ల కింద వేసుకొని తొక్కుతుంది. అందుకని కోళ్ల గూటి ముందు రెండు బండలను జానెడు సందు వదిలి పాతారు. కోడి ఆ సందులో సులువుగా దూరుతుంది, నాటుబాతు కొంచెం ఒదిగి దూరుతుంది, పెద్దబాతు రొమ్ము ఆగిపోతుంది.

మొదట్లో గింజల చాట సందుకు దగ్గరగా పెడితే పెద్దబాతు ఒళ్లు బయటే ఉంచి మెడ లోపలికి చాచి ఊడ్చేసేదట. ఇప్పుడు చాట సందు నుంచి మూరన్నర లోపల ఉంటుంది. మెడ అందదు. అది రెండుసార్లు ప్రయత్నించి తిరిగిపోవడం నేనే చూశాను. ఆ సందు గింజలకే కాదు, ప్రాణాలకు కూడా దారి. తరుముకొస్తే కోడి ఎటు పరిగెత్తాలో దానికి తెలుసు. పుంజులకు ఇంకో దారి ఉంది: వేపకొమ్మ, గూటి కప్పు. పెద్దబాతు ఎగిరి అక్కడికి రాలేదు. తప్పించుకునే తోవ లేని పెరట్లోనే చావులుంటాయి. తోవ ఉన్నచోట తరమడం వరకే.

పెద్దబాతులకు గింజ ఎక్కువ పడకూడదు కూడా. అది గడ్డి మేసే పక్షి. అక్క వాటికి కాలువ గట్టు నుంచి కోసుకొచ్చిన పచ్చిగడ్డి, గరిక, సంతలో పారేసే ముల్లంగి ఆకు, తోటకూర కాడలు వేస్తుంది. సాయంత్రం మాత్రం తడిపిన తవుడు ఒక ముద్ద. పిల్లలప్పుడు బలమైన దాణా ఎక్కువైతే రెక్క చివర వేగంగా బరువెక్కి, కీలు దగ్గర బయటికి తిరిగిపోతుంది. అలా తిరిగిన రెక్క మళ్లీ సరిగ్గా మడత పడదు. బాతుపిల్లలకూ పెద్దబాతు పిల్లలకూ కోడిపిల్లల కంటే నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్లు వంకర్లు పోతాయి. తవుడులో అది ఉంటుంది. అక్కకు ఆ విటమిన్ పేరు తెలియదు. “తవుడు లేకుంటే కాళ్లు నిలబడవు” అంది.

నీళ్ల దగ్గర చాలామంది తడబడతారు. పెద్దబాతుకు తాగడానికి మాత్రమే కాక తల మొత్తం ముంచి కళ్లూ ముక్కురంధ్రాలూ కడుక్కోవడానికి నీళ్లు కావాలి. ముంచిన ప్రతిసారీ చుట్టూ చిందిస్తుంది. తొట్టి చుట్టూ బురద, ఆ బురదలో అన్నిటి రెట్ట. కోడిపిల్లలకు వచ్చే రక్తపు పారుడు అలాంటి తడి నేలలోనే పెరుగుతుంది. అంటే పెద్దబాతు కాటుతో చంపేదానికన్నా నీళ్లతో చంపేది ఎక్కువ, ఎవరూ దాన్ని లెక్కలో వేయరు. అక్క పెద్దబాతుల తొట్టిని వేపచెట్టుకు అవతల, కంకర పోసిన గుంట మీద పెట్టింది. చిందిన నీళ్లు గుంటలోకి దిగి అటు నుంచి అరటి మొదలుకు పోతాయి. తొట్టిలో ఒక రాయి మెట్టుగా వేసి ఉంది, పొరపాటున కోడిపిల్ల పడితే ఎక్కి బయటపడడానికి. కోళ్లు తాగే నీళ్లు మాత్రం ఆ జానెడు సందు లోపల, మట్టి మూకుడులో, రోజూ మార్చి పోస్తుంది. రెండు నీళ్లూ కలవవు.

తొట్టి అక్కడ పెట్టడంలో ఇంకో లాభం ఉంది. పొద్దున తొమ్మిది దాటాక తొట్టిలో కొత్త నీళ్లు పోస్తే మగబాతు, రెండు పెట్టలు మూడూ కలిసి అక్కడికి పోతాయి. మునుగుతాయి, రెక్కలు కొట్టుకుంటాయి, ఈకలు సవరించుకుంటాయి. వాటికి ఆ కాసేపు లోకం పట్టదు. గుడ్లు తీయడం, గడ్డి మార్చడం, గూడు ఊడవడం అన్నీ అక్క ఆ కాసేపట్లోనే ముగించేస్తుంది. మగబాతు కళ్లముందు గూట్లో చేయి పెట్టదు. దాంతో పోట్లాడి గుడ్డు తెచ్చానని గొప్పలు చెప్పుకునేవాళ్లను చూశాను. ఈమె పోట్లాట అవసరమే రాకుండా చేసుకుంది. నా మటుకు నాకు ఇదే పెద్ద విద్య.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు అది ఎదురు వస్తుంది. అప్పుడేం చేయాలో తెలియాలంటే దానికి గెలుపు అంటే ఏమిటో తెలియాలి. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ జీవితమంతా పెద్దబాతుల మధ్య గడిపి వాటి నడవడి రాశాడు. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆయన శ్రద్ధగా వర్ణించిన తంతు ఒకటుంది. మగబాతు ఎవరినో తరుముతుంది. వాళ్లు వెనక్కి తగ్గగానే గిరుక్కున తిరిగి తన పెట్ట దగ్గరికి పరుగెత్తి, మెడ చాచి అరుస్తుంది. పెట్ట కూడా మెడ చాచి గొంతు కలుపుతుంది. ఇద్దరూ కలిసి చేసుకునే విజయోత్సవం అది. ఆ జంట బంధాన్ని గట్టి చేసేది కూడా అదే.

ఇప్పుడు గుమ్మం దగ్గర భయపడి పరుగెత్తే మనిషిని తలుచుకోండి. పరుగెత్తిన ప్రతిసారీ మగబాతుకు ఒక గెలుపు, ఆడదాని ముందు ఒక ఉత్సవం. రేపు ఇంకాస్త ముందుగా వస్తుంది. ఎల్లుండి వీధి దాకా వస్తుంది. కర్రతో కొడితే అంతకంటే నష్టం. పెట్టల ఎదుట దెబ్బ తిన్న మగబాతు వెనక్కి తగ్గలేదు, అప్పటిదాకా బెదిరింపుగా ఉన్నది నిజమైన కొట్లాట అవుతుంది. దానికి గెలుపూ దొరకకూడదు, యుద్ధమూ దొరకకూడదు. ఈ రెంటి మధ్య నిలబడడమే కష్టం.

అక్క ఎలా నిలబడుతుందో దగ్గర నుంచి చూశాను. నేను దడి పక్కన ఉండగా మగబాతు సందులోంచి బయటికొచ్చి మెడ వంచింది. “పరిగెత్తొద్దు తమ్ముడా, వీపు చూపియ్యొద్దు. ఊరికే నిలబడు” అంటూ ఆమె నాకూ దానికీ మధ్యకు వచ్చింది. వేగంగా రాలేదు. వచ్చి, రెండు చేతులూ భుజాల ఎత్తుకు చాచి నిలుచుంది. మనిషి వెడల్పు రెండింతలయ్యేసరికి మెడ వంచినది అక్కడే ఆగింది. ఆమె అర అడుగు ముందుకు వేసింది. అంతే, మళ్లీ ఆగింది. నోట మాట లేదు. మగబాతు ఒక కన్ను ఆమె మీద పెట్టి పక్కకు తిరిగింది. గూటి వైపు పోయే తోవ ఆమె కావాలనే ఖాళీగా వదిలింది. అది నేల మీద లేని గడ్డిని పొడుస్తున్నట్టు నటించి, మెల్లగా ఆ తోవన వెళ్లిపోయింది. ఆమె వెంట పడలేదు. వెంట పడితే అది తిరగబడేదని తర్వాత చెప్పింది. దాన్ని ఎప్పుడూ మూలకు నెట్టదు. నిలబడిన చోటి నుంచి కదలదు, పోయే దారి మూయదు. గెలిచానన్న సంబరం దానికి లేదు, ఓడానన్న కసీ లేదు.

ఒక్కోసారి పట్టుకోవాల్సి వస్తుంది. పాదం వాచినా, గోరు విరిగినా, చూడాలి కదా. ఒక చేయి మెడ మొదట్లో వేసి ఒత్తకుండా ఆపుతుంది, రెండో చేయి రెక్కల మీదుగా చుట్టి ఒంటిని చంకలోకి తీసుకుంటుంది. తల వెనక్కి, తోక ముందుకు. ముక్కు ఆమె వీపు వైపు ఉంటుంది కాబట్టి ముఖానికి ప్రమాదం లేదు, రెక్కలు ఒంటికి అదిమి ఉంటాయి కాబట్టి దెబ్బ లేదు. కాళ్లు అరచేతిలో. చూడాల్సింది చూశాక వెంటనే దింపదు. అది గింజుకుంటున్నప్పుడు వదిలితే గింజుకుంటే వదులుతారని నేర్చుకుంటుంది. ఒళ్లు వదులయ్యేదాకా అలాగే పట్టుకొని పెరట్లో అటూ ఇటూ నడుస్తుంది, కోడలితో కూరగాయల ధరలు మాట్లాడుతుంది. దాని ఊపిరి నెమ్మదించాక, తనకు ఎదురుగా కాకుండా గూటి వైపు ముఖం ఉండేట్టు దింపి, మామూలు నడకతో పక్కకు పోతుంది.

సాయంత్రం తోలడం చూడాలి. పొద్దున ముందు వదిలేది కోళ్లను. అవి తిన్నాక పెద్దబాతులను. సాయంత్రం వరస తిరగబడుతుంది, పెద్దబాతులు ముందు లోపలికి పోతాయి, ఆ తర్వాత కోళ్లు నింపాదిగా గూటికెక్కుతాయి. చేతిలో పొడుగు వెదురుకర్ర ఉంటుంది, దాంతో ఎన్నడూ కొట్టదు. అది చేయికి పొడిగింపు. ఎడమకు చాస్తే మంద కుడికి మళ్లుతుంది. కోతలయ్యాక మళ్లలో వందల బాతులను తోలుకుంటూ ఊళ్లు దాటే నెల్లూరు, కృష్ణా వైపు కాపరులు వాడేది కూడా ఈ పొడుగు కర్రనే. మంద కదిలేది కర్ర దెబ్బకు భయపడి కాదు, కర్ర చివర ఎక్కడుందో చూసి.

జంతువును కొట్టకుండా, కట్టకుండా, నేల మీద గీసిన హద్దులతో నడపడం ఈ ప్రాంతానికి చాలా పాత పని. కుడతిని దగ్గర కనుమలో ఒక బూడిద దిబ్బ ఉంది. న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1843లో అచ్చయిన తన వ్యాసంలో దక్షిణాదిలోని ఇలాంటి దిబ్బల గురించి రాశాడు. అప్పటి నుంచీ ఇవి ఏమిటని ఎన్నో ఊహలు చేశారు. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను వాలి చితి అంటారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వకాలు జరిపి, కొయ్య గుంజలు పాతిన గుంటలనూ గిట్టల అచ్చులనూ చూపించి, 1963లో పుస్తకం వేశాక సంగతి తేలింది. ఇవి కొత్తరాతి యుగపు పశువుల దొడ్లు. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడివాళ్లు గుంజలు పాతి దడి కట్టి మందలను లోపలికి తోలేవాళ్లు. పేరుకున్న పేడను కాల్చగా కాల్చగా దిబ్బలయ్యాయి. ఎద్దు కొమ్ములతో వేగినవాళ్లకు కూడా ద్వారం ఎటు పెట్టాలి, ఏది ముందు లోపలికి పోవాలి అన్న లెక్కలు తప్పి ఉండవు.

అక్క పెరట్లో అన్నీ సాఫీగా జరుగుతాయని అనను. ఎండాకాలం కాలువ కట్టేస్తే పచ్చిగడ్డి దొరకదు. మేసే పని లేక పెద్దబాతులు కోళ్ల తోక ఈకలు పీకుతాయి. అప్పుడు తోటకూర కాడల కట్టను వేపకొమ్మకు వాటి ముక్కు అందే ఎత్తులో వేలాడదీస్తుంది, లాక్కొని తినడానికి సగం పూట పడుతుంది. పిల్లలతో ఉన్న తల్లికోడిని కొన్ని వారాలు గంప కిందా సందు లోపలా తప్ప బయటికి వదలదు. కొత్త కోడిని తెస్తే ముందు దడి లోపలే గంప కింద ఉంచి, అందరికీ కంటికి అలవాటయ్యాక వదులుతుంది. కొక్కెర తెగులు టీకా మాత్రం తప్పించదు, ఎందుకంటే నీటిపక్షులు పైకి ఏమీ లేకుండానే ఆ జబ్బును మోసి కోళ్లకు అంటించగలవు.

ఆమె ఒప్పుకోనిది రెండో మగబాతును. ఈ జాతిలో ఒక మగదానికి నాలుగైదు పెట్టల దాకా సరిపోతాయి. రెండు మగవి ఉంటే గూటి కాలంలో ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. ఓడినది ఊరికే ఉండక మామూలు బాతుల మీదా కోళ్ల మీదా ఎక్కుతుంది. ఆ బరువుకు కోడి నడుం విరుగుతుంది. గుడ్ల నుంచి పిల్లలు వచ్చాక, గొంతు తేడా తెలిసే వయసు రాగానే మగవాటిని అమ్మేస్తుంది. పొదుగుడు నెల రోజులు, కోడి ఇరవై ఒక్క రోజుల్లో తెమిల్చే పని ఇక్కడ ముప్పై. పెట్ట సరిగా కూర్చోకపోతే నాలుగైదు గుడ్లను పొదుగు కోడి కింద పెడుతుంది. అవి పెద్దవి, కోడి తిప్పలేదు, రోజుకు రెండుసార్లు అక్కే తిప్పుతుంది.

కోడి కింద పుట్టిన పిల్లలు కోళ్లను తమవాళ్లనుకుంటాయి. పుట్టగానే ఎవరిని చూస్తే వాళ్ల వెంట పడే ఈ గుణాన్ని లోరెంజ్ 1930ల్లోనే వివరించాడు. గుడ్డు పగలగానే ఆయన్నే చూసిన పెద్దబాతు పిల్ల ఒకటి, మార్టీనా, ఆయన్నే తల్లి అనుకుంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. అలా మనిషి చేతిలో ఒంటరిగా పెరిగిన మగపిల్లే పెద్దయ్యాక అందరికంటే గడ్డుది. దానికి మనిషంటే బెదురు ఉండదు. మనిషిని తన జాతివాడనుకుంటుంది కాబట్టి, గూటి కాలం రాగానే మనిషినే పోటీదారుగా చూస్తుంది. ఊళ్లో కరిచే బాతులు ఎవరివో ఆరా తీస్తే వాటిలో చాలా వరకు ఇంట్లో ముద్దుగా ఒంటరిగా పెంచినవేనని అక్క అంటుంది.

అందుకే ఎవరైనా పిల్లను కొనడానికి వస్తే ఆమె మొదట అడిగేది ధర కాదు, ఇంట్లో ఇంకో బాతు ఉందా అని. లేదంటే ఒక్కదాన్ని ఇవ్వదు. నేనున్నప్పుడే తోరణగల్లు నుంచి ఒకతను చిన్న కొడుకును బండి మీద కూర్చోబెట్టుకొని వచ్చాడు. పిల్లవాడికి ఒకటే కావాలి, చేతిలో పట్టుకుపోవాలి. ఎంతైనా ఇస్తానన్నాడు తండ్రి. “రెండు తీసుకో అన్నా, రెండోదానికి సగమే ఇయ్యి” అంది అక్క. చివరికి అట్టపెట్టెలో రెండిటినీ పెట్టి, కింద గడ్డి వేసి, గుప్పెడు తవుడు పొట్లం కట్టి ఇచ్చింది. తల మునిగేంత నీళ్లు పెట్టమనీ, అయితే ఈకలు వచ్చేదాకా ఈతకు వదలొద్దనీ, పిల్లవాడు పరుగెత్తితే వెంటనే ఆపమనీ చెప్పి పంపింది.